నొప్పి లేని చోట సూది

నేను ఎక్స్‌రే గదిలో పనికి కుదిరిన నాలుగో ఏట మా అక్కను నా చేతులతోనే ఆ బల్ల మీద బోర్లా పడుకోబెట్టాను. ఇన్నేళ్ళలో ఆ సంగతి బయటివాళ్ళెవరికీ పూర్తిగా చెప్పలేదు. అడిగినవాళ్ళకు అక్కకు నడుము జబ్బని మాత్రం చెప్పి ఊరుకునేవాణ్ణి. ఆ జబ్బులో సగం ఆమెకు పని వల్ల వచ్చింది. మిగతా సగం మా ఎక్స్‌రే గదిలో వచ్చిందని నా నమ్మకం. ఈ రెండో మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు నోరు వచ్చేది కాదు.

యాభైలు ముగిసి అరవైలు మొదలవుతున్న రోజులు. నెల్లూరులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో పని చేసేవాణ్ణి. మేడ ఉన్న పాత ఇంటినే ఆస్పత్రిగా మార్చారు. దాని యజమానిని అందరం పెద్ద డాక్టరు గారు అనేవాళ్ళం. వంటగదిగా ఉన్న గదిలో ఎక్స్‌రే యంత్రం పెట్టారు, పక్కనున్న సామాన్ల కొట్టును చీకటి గది చేశారు. ఫిల్ములు తియ్యడం, కడగడం, ఆరబెట్టడం అన్నీ నేనే. ఎండాకాలంలో మందునీళ్ళు వేడెక్కితే ఫిల్ము మీద బొమ్మ జావలాగా కారిపోయేది. అందుకని పొద్దున్నే రంపపు పొట్టులో చుట్టిన ఐసు గడ్డ తెచ్చి తొట్టి చుట్టూ పేర్చేవాణ్ణి. నా ఫిల్ములు శుభ్రంగా వస్తాయని పేరు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టంగా ఉండేది.

మా ఊరు సముద్రం వైపు, చిట్టమూరు దాటి ఇంకా తూర్పుకు పోవాలి. కాలవ గట్టున ఉప్పు మడులు, వాటి వెనక మా పల్లె, పల్లె చివర తాటాకుల ప్రార్థన మందిరం. మా అమ్మ నేను చిన్నగా ఉన్నప్పుడే పోయింది. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దదైన అక్క నన్ను పెంచింది. పెళ్ళయ్యాక కూడా నన్ను తనతోనే ఉంచుకుంది. బావ కాలవ మీద ఉప్పు పడవలో పని చేసేవాడు. పడవ నిండితే మద్రాసు దాకా తాడు పట్టి లాగుతూ, గెడ వేస్తూ పోయి, పది పన్నెండు రోజులకు తిరిగొచ్చేవాడు. అక్క మడుల్లో ఉప్పు మోసేది. గంప నెత్తిన పెట్టుకుని మడిలోంచి కుప్ప దగ్గరకు, కుప్ప దగ్గర నుంచి పడవలోకి. గట్టుకూ పడవకూ మధ్య ఒక చెక్క వేసి ఉంటుంది, దాని మీదుగా నడవాలి. ఎండకు ఉప్పు మెరిసి కళ్ళు చెదురుతున్నా అక్క కాలు తడబడేది కాదు. ఆదివారం మందిరంలో పాట మొదలెట్టేది ఆమే. ఆమె గొంతు ఎత్తితే వెనక కూర్చున్న మొగవాళ్ళు కూడా సర్దుకుని నిలబడేవాళ్ళు.

ఒకరోజు ఆ చెక్క మీద జారింది. గంపతో సహా పడవ అంచు మీద కూర్చున్నట్టు పడింది. నీళ్ళలో పడి ఉంటే ఏమీ అయ్యేది కాదు. వారం రోజులు కాపడం పెట్టుకుని మళ్ళీ పనికి పోయింది. రెండు నెలలకు ఎడమ కాల్లోకి నొప్పి దిగింది. పిరుదు దగ్గర మొదలై పిక్క వెనక నుంచి చిటికెన వేలు దాకా ఎవరో తీగ పెట్టి లాగుతున్నట్టు ఉండేదట. దగ్గితే నొప్పి, తుమ్మితే నొప్పి. నెల్లూరు రమ్మంటే రాలేదు. "పడుకుంటే తగ్గతాదిలే" అనేది. పడుకోవడానికి ఆమెకు తీరిక ఎక్కడిది!

ఆ రోజుల్లోనే మా నర్సింగ్ హోమ్‌కు మద్రాసు నుంచి ఒక సర్జన్ రావడం మొదలైంది. నెలకు రెండు శనివారాలు పొద్దుటి రైలుకు దిగి, సాయంత్రం రైలుకు వెళ్ళిపోయేవాడు. పై చదువులు పరదేశంలో చదివి వచ్చాడు. తెల్లటి చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, రోగితో రెండు మాటలు మాట్లాడి, మూడో మాటకు జబ్బు చెప్పేసేవాడు. ఆయన వచ్చే రోజున మా వరండాలో కూర్చోవడానికి చోటుండేది కాదు. నన్ను పేరు పెట్టి పిలిచిన మొదటి పెద్ద డాక్టరు ఆయనే. నా ఫిల్ము వెలుతురుకు పట్టుకుని, "మద్రాసులో కూడా ఇంత బాగా రావు" అని ఒకసారి అందరి ముందూ అన్నాడు. ఆ మాటతో నేను ఆయన మనిషినైపోయాను.

ఆయన కొత్తగా ఒక పరీక్ష తెచ్చాడు. రెండు వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ ఒకటి ఉంటుంది, దాన్ని డిస్కు అంటారు. మామూలు ఎక్స్‌రేలో అది కనపడదు, ఖాళీ జాగాలాగా ఉంటుంది. వీపులోంచి పొడుగాటి సన్న సూది ఆ బిళ్ళ నడిమికి దించి, అయోడిన్ కలిసిన మందు ఎక్కించి ఫిల్ము తీస్తే ఆ ఖాళీలో తెల్లగా దాని ఆకారం పడుతుంది. ఆ మందును మేమంతా రంగు అనేవాళ్ళం. నిజానికి దానికి రంగే లేదు, సీసాలో మంచినీళ్ళలాగా ఉండేది. ఆయన దాన్ని ఎవరికి ఎక్కించినా, నాలుగు రోజుల్లో ఒంట్లో కలిసి మూత్రంలో పోతుందని, ఏ హానీ లేదని చెప్పేవాడు. ఆయన చెబితే నేనూ రోగులకు అదే చెప్పేవాణ్ణి. అక్కకు ముందు నలుగురికి ఆ పరీక్ష చెయ్యడం చూశాను. నలుగురూ నడిచే వెళ్ళారు. వెళ్ళాక ఏమయ్యారో నాకు తెలియదు, తెలుసుకోవాలని నాకు తోచనూ లేదు.

సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను. అక్క పొయ్యి ముందు ఒక పక్కకు ఒరిగి, ఒక చెయ్యి నేల మీద ఆనించి కూర్చుని ఉంది.

"నెల్లూరు పోదాం అక్కా. పెద్ద సర్జన్ వస్తా ఉండాడు. డిస్కులోకి రంగు పోసి ఫోటో తీసినాడంటే ఎక్కడ చెడిందో కళ్ళకు కనపడతాది" అన్నాను.

"సూదంటే నాకు బయంరా అబ్బయా."

"నేనుంటా గదా గదిలో. ఫోటో తీసేది నేనే."

"నువ్వే తీస్తావా?"

"నేనే."

"అయితే వస్తాలే" అంది.

బావ ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాడు. పడవ బాగు చేసుకుంటున్న చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఏం కాదంటావా?" అని నన్ను రెండుసార్లు అడిగాడు. ఏం కాదని రెండుసార్లూ చెప్పాను.

ఎద్దుల బండిలో గడ్డి పరిచి ఆమెను పడుకోబెట్టి రోడ్డు దాకా తెచ్చాం. బస్సులో కూర్చోలేక నిలబడే వచ్చింది, కడ్డీ పట్టుకుని, నెల్లూరు దాకా. మర్నాడు శనివారం. సర్జన్ ఆమె కాలు పైకెత్తి చూశాడు, మోకాలి మీద చిన్న సుత్తితో తట్టాడు, "కింది డిస్కు" అన్నాడు. అప్పటికే చెప్పేశాడు. ఇది నేను చాలా ఏళ్ళ తర్వాత గుర్తు చేసుకున్నాను. సూది గుచ్చకముందే ఆయనకు జబ్బు తెలుసు.

బల్ల మీద బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు పెట్టాను. నర్సు తల వైపు నిలబడింది. పైచర్మానికి మొద్దుబారే మందు ఇచ్చి సర్జన్ మొదటి సూది దించాడు. సూది సరిగ్గా చేరిందో లేదో ఫిల్ము తీసి చూడాలి. తీశాను, చీకటి గదిలోకి పరుగెత్తాను, కడిగాను, నీళ్ళు కారుతున్న ఫిల్మును చట్రంతో సహా తెచ్చి దీపం ముందు పట్టుకున్నాను. "కొంచెం పైకి" అన్నాడు. మళ్ళీ తీశాను, మళ్ళీ పరుగెత్తాను. అలా మూడు సూదులు దింపేసరికి గంట దాటింది. ఆ గంటసేపూ అక్క కదల్లేదు. ఆమె వీపులో మూడు సూదులు వరుసగా నిలబడి ఉన్నాయి. నేను లోపలికి వచ్చిన ప్రతిసారీ, "అయిపోయిందా అబ్బయా?" అనేది. "అయిపోతా ఉంది" అనేవాణ్ణి.

మొదట కింది సూదిలోంచి రంగు ఎక్కించాడు. అక్క కేక పెట్టింది. ఆ కేక వీధిలోకి వినపడిందని వరండాలో ఉన్న బావ తర్వాత చెప్పాడు.

"ఇదేనా రోజూ వచ్చే నొప్పి?" అన్నాడు సర్జన్.

"ఇదే సార్, ఇదే! చాల్సార్, తీసెయ్యండి!"

"చాలా మంచిది" అన్నాడు. ఆయన మాటలో చెడు ఉద్దేశం లేదు. పరీక్ష సరిగ్గా కుదిరిందని సంతోషం, అంతే. తర్వాత మధ్య సూదికి సిరంజి తగిలించాడు.

"ఆడ నాకు నొప్పి లేదు సార్" అంది అక్క. "కిందనే ఉండాది. పైన బాగానే ఉండాది."

"బాగుంది కాబట్టే చూడాలమ్మా. బాగున్నదాని పక్కన పెడితేనే గదా చెడ్డది తెలిసేది."

అక్క నా వైపు మొహం తిప్పింది. అప్పుడు నేను గదిలోనే ఉన్నాను, ఫిల్ము పెట్టె చేతిలో పట్టుకుని. నేనేదైనా అంటానని చూసింది. "కదలొద్దక్కా, బొమ్మ చెదిరిపోతాది" అన్నాను.

బాగున్న డిస్కు మందును ఊరికే లోపలికి రానివ్వదు. ఆయన బొటనవేలితో గట్టిగా నొక్కాడు. ఆ వేలి గోరు తెల్లబడటం నేను చూశాను. మధ్యదానికి ఎక్కించాడు, ఆ పైదానికీ ఎక్కించాడు.

ఆఖరి ఫిల్ము కడిగి బయటికి తెచ్చి దీపం ముందు పట్టుకుంటే అందరం దగ్గరకు వచ్చి చూశాం. పైన రెండు చోట్లా గుండ్రంగా, అంచు చెదరకుండా, రెండు తెల్లటి ముద్దలు. కింద మాత్రం చిరిగిన గుడ్డలాగా, వెనక్కి కారిన మరక. వేరే ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు, పసివాడికైనా అర్థమవుతుంది. "పుస్తకంలో వేసుకోదగ్గ బొమ్మ" అన్నాడు సర్జన్. నా భుజం తట్టాడు. నేను నవ్వాను. అవతల బల్ల మీద మా అక్క ఒంటి మీద గుడ్డ కూడా సర్దుకోలేక పడి ఉంది, ఇవతల నేను నా ఫిల్ము చూసుకుని నవ్వాను.

ఇంత చేసి ఆయన చెప్పిందేమిటంటే, ఆపరేషన్ అక్కర్లేదు, చెక్క బల్ల మీద ఆరు వారాలు పడుకోవాలి, తర్వాత నడుముకు పట్టా కట్టుకోవాలి, బరువులు ఎత్తకూడదు. అక్కను వార్డులోకి మార్చాక పెద్ద డాక్టరు గారి గదికి వెళ్ళి, "ఈ పరీక్ష చెయ్యకపోయి ఉంటే ఏం చెప్పి ఉండేవాళ్ళు సార్?" అని అడిగాను. ఆయన ముసలాయన, అబద్ధం చప్పున ఆడలేని మనిషి. కళ్ళజోడు తుడుచుకుంటూ, "బల్ల మీద పడుకోమనే చెప్పి ఉండేవాళ్ళం" అన్నాడు.

ఆ తర్వాత వారం రోజులు అక్క నడుము ఎటూ తిప్పలేకపోయింది. జ్వరం లేదు, వాపు లేదు, నొప్పి మాత్రం నడుమంతా పాకింది. సూది గుచ్చిన నొప్పి అన్నారు. తగ్గింది కూడా. ఆరు వారాలు బావ పడవకు పోలేదు. అక్కకు స్నానం, తిండి, జడ అన్నీ ఆయనే చూశాడు. ఆరు వారాల తర్వాత ఆమె లేచి నడిచింది. కాల్లో తీగ లాగడం చాలావరకు పోయింది. ఉప్పు మొయ్యడం మానేసి ఇంటి దగ్గర చేపలు ఎండబెట్టే పనికి దిగింది. ఆదివారం మందిరంలో నిలబడి పాడింది. పరీక్ష మంచిదేనని, సర్జన్ దేవుడని ఊరంతా చెప్పుకున్నాను. ఆయన దగ్గరకు మా పల్లె నుంచి ఇంకో ఇద్దరిని నేనే పిలుచుకొచ్చాను.

మూడేళ్ళు గడిచాయి. నాలుగో ఏట బావ ఒక్కడే నెల్లూరు వచ్చాడు. నర్సింగ్ హోమ్ గేటు దగ్గర నిలబడి, లోపలికి రమ్మన్నా రాలేదు.

"మీ అక్క కూసోలేకుండా ఉండాది. ఈ తడవ కాల్లో కాదు. నడుము పైన, ముందరి తొడలోకి వస్తా ఉందంట. మొన్న ఆదివారం పాట మద్దెలో కూలబడింది" అన్నాడు.

మళ్ళీ బండి, మళ్ళీ బస్సు. ఈసారి ఆమె నిలబడి కూడా రాలేకపోయింది. బస్సు వెనక సీటు మీద బావ ఒళ్ళో తల పెట్టుకుని వచ్చింది. శనివారం దాకా ఆగకుండా నేనే మామూలు ఫిల్ము ఒకటి తీశాను. కడిగి ఆరబెట్టి, రికార్డు గదిలోంచి అక్క పాత ఫిల్ములు వెతికి తెచ్చి, రెండిటినీ దీపం పెట్టె మీద పక్కపక్కన పెట్టాను.

పరీక్షకు ముందు, రంగు ఎక్కించకుండా తీసిన పాత ఫిల్ము ఒకటి ఉంది. అందులో పూసల మధ్య ఖాళీలు పైనుంచి వరుసగా విశాలంగా ఉన్నాయి, అన్నిటికన్నా కిందది ఒక్కటే కొంచెం ఇరుకు. కొత్త ఫిల్ములో కిందది అలాగే ఉంది. దాని పైన రెండూ అణిగిపోయాయి. పూసల అంచులు ఒకదాన్నొకటి తాకడానికి వస్తున్నట్టున్నాయి. వాటి పైన, సూది తగలని చోట, ఖాళీలు మునుపటిలాగే ఉన్నాయి. నేను డాక్టర్ని కాను. కానీ అప్పటికి ఏడేళ్ళుగా నా పని అవి చూడటమే. చిన్న స్కేలు పెట్టి కొలిచాను, నా కన్ను తప్పేమోనని. తప్పు కాదు.

శనివారం సర్జన్ వచ్చాక చూపించాను.

"వయసు వస్తుంది గదయ్యా. ఉప్పు మోసిన నడుము" అన్నాడు.

"ఆమెకు ముప్పై ఆరు సార్. ఉప్పు మొయ్యడం మానేసి మూడేళ్ళు దాటింది."

"అయితే?"

"ఈ రెండూ బాగున్నాయని అప్పుడు మీరే అన్నారు సార్. ఆ బాగున్న రెండిటిలోకే గదా రంగు ఎక్కించింది. పైవాటికి ఏం కాలేదు."

ఆయన మొదటిసారి నన్ను తేరిపార చూశాడు. కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే బాగుండేది. తెలివితక్కువవాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "ఆ మందు నాలుగు రోజుల్లో పోతుందని నీకు తెలుసు గదా. నాలుగు రోజులున్న మందు నాలుగేళ్ళ తర్వాత ఏం చేస్తుంది? సూది గుచ్చిన గాయం వెంట్రుకంత కూడా ఉండదు. ఎవరైనా పుస్తకంలో రాశారా ఇలా అవుతుందని? లేదు. మరి నీకెలా తెలిసింది?"

ఆయన పాత ఫిల్ములు, కొత్త ఫిల్ము అన్నీ ఒక కవర్లో పెట్టుకుని, "ఇవి నా దగ్గర ఉంచుతాను, తీరిగ్గా చూస్తాను" అన్నాడు. నేను ఇచ్చేశాను. అవి తిరిగి రాలేదు. పుస్తకంలో వేసుకోదగ్గ ఆ బొమ్మను మద్రాసులో డాక్టర్ల సభలో తెర మీద వేసి చూపించాడని, అందరూ మెచ్చుకున్నారని తర్వాత పెద్ద డాక్టరు గారే నాతో అన్నాడు. అణిగిపోయిన ఫిల్మును కూడా చూపించాడా అని అడిగితే ఆయన మాట మార్చాడు.

ఆ మందు గురించి ఇప్పుడు వేరే మాటలు వినిపిస్తున్నాయి. ఈమధ్య నన్ను చూసే కుర్ర డాక్టరు ఒకడు చెప్పాడు. డిస్కులో కూడా ప్రాణమున్న కణాలు ఉంటాయట, వాటికి నెత్తురు సరిగా అందదు కాబట్టి అసలే బొటాబొటిగా బతుకుతాయట. ఆ రంగుమందులు వాటి మీద పడితే కొన్ని చచ్చిపోతాయని, చచ్చినవాటి బదులు మళ్ళీ పుట్టడం కష్టమని, సూది గుచ్చడం కూడా మంచిది కాదని అంటున్నారట. "అప్పట్లో వాళ్ళకు తెలియదు లెండి" అన్నాడు ఆ కుర్రవాడు నన్ను ఓదార్చడానికి. నిజమే, తెలియదు. అక్క నడుము రంగు వల్లే పోయిందో, సూది వల్ల పోయిందో, ఆమె మోసిన ఉప్పు వల్లే పోయిందో నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ తెలియనివాళ్ళు తెలియదని అనలేదు. హాని లేదన్నారు. ఆ రెండు మాటలకూ మధ్యనే మా అక్క నడుము విరిగింది.

సర్జన్ ఆ ఫిల్ములు తీసుకున్న శనివారం వార్డులోకి వెళ్ళేసరికి అక్క గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"ఏమన్నాడు?" అంది.

"వయసు అంటా ఉండాడు."

"నువ్వేమంటావు?"

నేనూ వయసనే చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మళ్ళీ బల్ల, మళ్ళీ పట్టా. ఈసారి ఆరు వారాలకూ తగ్గలేదు, ఆరు నెలలకూ తగ్గలేదు. కూర్చుంటే పావుగంట, నిలబడితే ఇంకా తక్కువ. బావ మద్రాసు పడవ శాశ్వతంగా మానేసి ఊళ్ళోనే వలల పని చూసుకున్నాడు. మందిరం వాళ్ళు ఆదివారం ఆమెను మంచంతో సహా తీసుకుపోతామన్నారు. ఒక్కసారి వెళ్ళింది. పడుకుని పాడితే ఊపిరి చాలలేదు, పాట వేరేవాళ్ళు అందుకున్నారు. ఆ తర్వాత ఎంత పిలిచినా పోలేదు.

నేను మాత్రం అదే గదిలో అదే పని చేస్తూ ఉన్నాను. శనివారాలు వచ్చేవి, సర్జన్ వచ్చేవాడు, సూదులు దిగేవి. బాగున్న చోట సూది దిగిన ప్రతిసారీ నేను ఫిల్ము పెట్టె పట్టుకుని గోడ వైపు చూసేవాణ్ణి. ఇలా ఏడాదికి పైగా గడిచింది.

ఒక శనివారం మెట్ట వైపు ఊరి నుంచి ఒక రైతు వచ్చాడు. చెరువు కింద వరి పొలం సొంతంగా చేసుకునే మనిషి, నలభై లోపు వయసు, నాగలి పట్టిన చేతులు. కింది నడుములోనే నొప్పి. బల్ల మీద పడుకోబెట్టి దిండు సర్దుతుంటే, "నీళ్ళు పెట్టే టయానికి లేచి తిరగతా గదన్నా?" అని అడిగాడు. నన్ను అన్నా అన్నాడు, నా కన్నా పెద్దవాడు. సర్జన్ ఇంకా చేతులు కడుక్కుంటున్నాడు. నేను వంగి అతని చెవి దగ్గర చెప్పాను.

"నొప్పి ఉండే చోట మటుకు చూడమను. లేని చోట సూది వద్దని చెప్పు."

"ఎందుకన్నా?"

"మా అక్కకు చేసినారు. ఇప్పుడు లెయ్యలేదు."

అతను తల తిప్పి నన్ను ఒక క్షణం చూశాడు. బల్ల మీద నుంచి లేచి కూర్చున్నాడు. సర్జన్ రాగానే, "నొప్పి ఉండే చోటే చూడండి సార్. మిగతా చోట్ల నాకొద్దు" అన్నాడు. సర్జన్ నచ్చజెప్పాడు. అతను వినలేదు. ఆఖరికి అసలు పరీక్షే వద్దని చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఎవరు చెప్పారని సర్జన్ నన్ను అడగలేదు. తిన్నగా పెద్ద డాక్టరు గారి గదిలోకి పోయాడు. ఆయన సాయంత్రం రైలుకు వెళ్ళాక పెద్ద డాక్టరు గారు నన్ను పిలిచాడు.

"చెప్పావా?"

"చెప్పాను సార్."

"నువ్వు చెప్పింది తప్పని నేను అనను" అన్నాడు. చాలాసేపు బల్ల మీద కాగితాలు సర్దాడు. "కానీ ఆయన రాకపోతే ఈ ఆస్పత్రి నడవదు. నువ్వు లేకపోయినా నడుస్తుంది."

అంత నిజాయితీగా నన్ను ఇంకెవరూ పనిలోంచి తియ్యలేదు. మంచివాడని ఒక కాగితం రాసిచ్చాడు. దాన్ని పట్టుకుని తిరిగితే సర్జన్ తెలిసిన ఏ ఆస్పత్రిలోనూ పని దొరకలేదు. చివరికి పెళ్ళి ఫోటోలు తీసే స్టూడియోలో ఫిల్ములు కడిగే పనికి కుదిరాను.

పని పోయాక, స్టూడియోలో చేరకముందు ఒకసారి ఊరికి వెళ్ళాను. అక్క వసారాలో బల్ల మీద పక్కకు తిరిగి పడుకుని రొయ్యపొట్టు చేటలో ఏరుతోంది. చెయ్యి అందినంత మేర ఏరి, అందనిది వదిలేస్తోంది. నేను పక్కన కూర్చుని అంతా చెప్పాను. పాత ఫిల్ము, కొత్త ఫిల్ము, స్కేలు పెట్టి కొలిచింది, సర్జన్ అన్నది, వయసని నేను చెప్పిన అబద్ధం, రైతు, పని పోవడం. చెబుతుంటే నాకే తెలియకుండా ఏదో ఆశపడ్డాను. పని పోగొట్టుకున్నానని విని ఆమె నా తల మీద చెయ్యి వేస్తుందనుకున్నాను కాబోలు.

ఆమె చేట పక్కన పెట్టింది.

"ఎవురో ముక్కూ మొగం తెలియనోడికి చెవిలో చెప్పినావు" అంది. "నేను నీ పక్క చూసినా గదరా ఆ పొద్దు. నాకు కదలొద్దని చెప్పినావు."

"అప్పుడు నాకు తెలీదక్కా."

"తెలీకపోతే ఊరకుండాల. ఏం కాదని ఎట్టా చెప్పినావు? మీ బావ రెండు తడవలు అడిగినాడు నిన్ను."

బావ వాకిట్లో వల మరమ్మతు చేసుకుంటున్నాడు. తలెత్తలేదు. ఆయన చేతులు మాత్రం ఆగాయి.

నేను ఏడ్చాను. అక్క ఏడవలేదు. నన్ను ఊరడించనూ లేదు. పెంచిన తల్లిలాంటి మనిషి, నాకు ముల్లు గుచ్చుకుంటే తన నోటితో తీసిన మనిషి, నా ఏడుపు అయ్యేదాకా కప్పు వైపు చూస్తూ పడుకుంది. అది క్షమించకపోవడమో, నొప్పిలో ఉన్న మనిషికి ఇంకొకరి ఏడుపు మొయ్యడానికి సత్తువ లేకపోవడమో నేను తేల్చుకోలేకపోయాను. ఆమె తర్వాత కూడా ఎన్నో ఏళ్ళు బతికింది. నెలకోసారి వెళ్ళేవాణ్ణి. నా పిల్లల సంగతులు అడిగేది, కూర వండించేది, వెళ్ళేటప్పుడు ఎండు చేపలు కట్టించి ఇచ్చేది. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. నేనూ అడగలేదు.

ఆ రోజు కాసేపటికి ఎండ వసారాలోకి వచ్చింది. అక్క మొహం మీద పడుతోంది. "నన్ను ఆ పక్కకు తిప్పండి" అంది. బావ వచ్చి భుజాల కింద చేతులు పెట్టాడు. నేను కాళ్ళు పట్టుకోబోతే, "అట్టా కాదు, మోకాళ్ళ కింద పట్టుకో, నడుము మెలి పడకూడదు" అని ఆయన చూపించాడు. ఇద్దరం కలిసి మెల్లగా తిప్పాం. ఆమె పళ్ళు బిగబట్టింది. తిప్పాక నడుము వెనక ఒత్తుగా పాత చీర మడతపెట్టి ఉంచాను. బస్సుకు టైమవుతోందని బావ అన్నాడు.